జైపాల్ గారి మంచు యాత్ర

ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మే జైపాల్ గారు ఈ ఫిబ్రవరిలో సకుటుంబంగా ఉత్తరాఖండ్‌లోని ఔలికి వెళ్లి మంచు మీద జారబోతున్నారన్న వార్తను కాలనీ సంక్షేమ సంఘం హర్షధ్వానాల మధ్య ఆమోదించింది. ఆమోదం ఎవరూ అడగలేదు. అయినా మన దగ్గర ఒక మనిషి ఊరు దాటాలంటే ఒక తీర్మానం, ఒక ఫ్లెక్సీ, కొంత బిర్యానీ తప్పనిసరి కాబట్టి సంఘం తన బాధ్యతను తాను నిర్వర్తించింది.

జైపాల్‌కు ఈ కోరిక పుట్టడానికి కారణం మంచు కాదు, మన్నెగూడలో ఉండే తోడల్లుడు దయాకర్. దయాకర్ నిరుడు ఊటీ చూసి వచ్చాడు. అప్పటినుంచి ఎవరు ఎండ మాట ఎత్తినా "ఊటీలయితేనా" అని మొదలుపెట్టేవాడు. ఊటీని ఓడించాలంటే అంతకంటే చల్లని చోటు కావాలి. డిగ్రీ చదువుతున్న కూతురు కరుణ ఫోన్‌లో వెతికి, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచుకొండ మీంచి కిందికి జారే చోటు ఒకటుందని చూపించింది. జైపాల్ ఆ వీడియోను శ్రద్ధగా చూశాడు. ఆ వాలంతా చదును చేసి వెంచర్ వేస్తే తూర్పు ముఖం ప్లాట్లు ఎన్నొస్తాయో మనసులో అంచనా వేసుకున్నాడు. వేసుకుని, సరే పోదామన్నాడు.

తల్లి సుక్కమ్మకు విషయం తలకెక్కడానికి కొంత సమయం పట్టింది.

"పైసలిచ్చి జారుడేందిరా? జారకుంట నిలవడెతందుకే నా పానం పోతున్నది" అందామె.

పెళ్లయ్యాక భార్య అనురాధ చూసిన దూరప్రాంతాలు యాదగిరిగుట్ట, కోఠి దవాఖాన. గుట్టకు వెళ్లినా అందరికీ పులిహోర పొట్లాలు కట్టింది ఆమే కాబట్టి అదీ వంటింటి కిందికే వస్తుంది. ఆమె చప్పుడు చేయకుండా తనకో ఉన్ని టోపీ కొనుక్కుని బట్టల కింద దాచుకుంది.

తయారీ శాస్త్రీయంగా సాగింది. జైపాల్ అమ్ముతున్న వెంచర్‌లో సగం తవ్వేసిన గుట్ట ఒకటుంది. దాని పక్కన ఎర్రటి మొరం కుప్ప. సెంట్రింగ్ చెక్కలు రెండింటిని సైకిల్ ట్యూబుతో కాళ్లకు బిగించుకుని, స్వెట్టరు, కోతి టోపీ, నల్లద్దాలు ధరించి, మిట్టమధ్యాహ్నం ఆయన కుప్ప ఎక్కాడు. చెక్కలు మొరంలో దిగబడిపోవడం వల్ల ఒక్క అంగుళం కూడా జారలేదు. అంతటి వాలు మీద కదలకుండా నిలబడటం అసాధారణ నైపుణ్యమని చూడవచ్చిన పెద్దలు నిర్ణయించారు.

బయలుదేరే ముందురోజు ఇంటి ముందు సన్మానం జరిగింది. ఫ్లెక్సీలో జైపాల్ మంచుకొండ మీద నిలబడి ఉన్నాడు. కొండకంటే పెద్దగా, ఆకాశమంతా తానే అయి, సంఘం అధ్యక్షుడు బాలరాజ్ నవ్వుతున్నాడు. శాలువా కప్పి బాలరాజ్ ప్రసంగించాడు.

"ఇది ఒక వ్యక్తి ప్రయాణం కాదు. ఇంటి నంబర్లు కూడా ఇంకా రాని మన కాలనీ, ఏకంగా హిమాలయాల మీద మోపుతున్న పాదం. ఆ పాదానికి మనమందరం నమస్కరించాలి."

అందరూ పాదానికి నమస్కరించారు. పక్క వీధిలో బిర్యానీ సిద్ధమైందని మైకులో చెప్పగానే క్షణంలో వీధి ఖాళీ అయింది. అనురాధ వాళ్లు కూడా వడ్డించడానికి వెళ్లారు. ఒంటరిగా మిగిలిన జైపాల్‌కు ఫ్లెక్సీ ఫొటో తీసుకోవాలనిపించింది. కొండ శిఖరం తెరలో పట్టడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు. అధ్యక్షుడి తల పట్టడానికి ఇంకో అడుగు వేశాడు. రెండో అడుగు గుంటలో పడింది.

ఆ గుంట ఎవరు తవ్వారన్నది ఇప్పటికీ తేలలేదు. మంచినీళ్ల వాళ్లని మురుగునీళ్ల వాళ్లు, మురుగునీళ్ల వాళ్లని కేబుల్ వాళ్లు, ఎంతో మర్యాదగా ఒకరి ఘనత ఒకరికి అప్పగించుకుంటూ ఉన్నారు. మోపవలసిన పాదం విరిగింది. ఇంటివాళ్లు చీకట్లో కారెక్కించి, ఊళ్లో ఎవరి కంటా పడకుండా పెద్ద అంబర్‌పేట్ దాకా తీసుకెళ్లి కట్టు వేయించి తెచ్చారు.

ప్రయాణం మానుకుందామంది అనురాధ. జైపాల్ ఒప్పుకోలేదు. శాలువా కప్పించుకున్న మనిషి గుంటలో పడ్డాడని తెలిస్తే దయాకర్ బతకనివ్వడు. బాగా ఆలోచించి ఒక పథకం చెప్పాడు. మిగతా ముగ్గురూ పోవాలి. తాను కూడా పోయినట్టే. ఇంటికి బయటినుంచి తాళం వేయాలి. తిరిగి వచ్చాక మంచు మీద జారి కాలు విరిగిందంటే, ఇటు గౌరవానికి గౌరవం, అటు కట్టుకు కారణం.

"నువ్వొక్కనివి ఎట్లుంటవ్?" అనడిగింది అనురాధ.

"నా ఫికర్ చెయ్యకు. పో."

"సరే" అందామె. అంత తొందరగా అంటుందని ఆయన అనుకోలేదు.

తెల్లవారకముందే వాళ్లు వెళ్లిపోయారు. జైపాల్ హిమాలయాల్లో ఉండటం మొదలుపెట్టాడు. ఫ్యాను వేస్తే చప్పుడు, లైటు వేస్తే వెలుగు, పొయ్యి వెలిగిస్తే వాసన. భార్య డబ్బాడు సకినాలు పెట్టి వెళ్లింది గాని, కొరికితే కిటికీ బయటికి వినిపిస్తుందని వాటిని చప్పరించి మెత్తబడ్డాక మింగేవాడు. బనీను చెమటకు తడిసి ముద్దవుతుంటే దుప్పటి కప్పుకుని ఫోన్లు ఎత్తి, "మస్తు చలున్నదన్నా, నోరు తిరుగుతలేదు" అని లోగొంతుతో చెప్పేవాడు. కరుణ పంపిన ఫొటోలను వెంటవెంటనే స్టేటస్‌లో పెట్టేవాడు. వాటిలో ఆయన లేకపోవడం ఎవరికీ వింతగా తోచలేదు. ఇంటి యజమాని ఫొటోలు తీస్తాడు గాని ఫొటోల్లో ఎందుకుంటాడని సర్దుకున్నారు.

ఒక వీడియోలో సుక్కమ్మ చెక్కబండి మీద కూర్చుని మంచులో కిందికి జారుతూ చిన్నపిల్లలా కేరింతలు కొడుతోంది. ఇంకోదాంట్లో అనురాధ కొండ వైపు చూస్తూ వేడి వేడి చాయ్ తాగుతోంది. చాయ్ ఎవరో పెట్టి ఇచ్చారు. ఆమె ముఖం అట్లా ఉంటుందని జైపాల్‌కు తెలియదు. ఆ వీడియోను మాత్రం ఎందుకో స్టేటస్‌లో పెట్టలేకపోయాడు.

ఒకరోజు మధ్యాహ్నం వీధంతా నిద్రపోతున్న వేళ, బయట ఏదో పడ్డ చప్పుడైంది. వెంటనే మూలుగు.

"ఎవలన్న ఉన్నరా... నన్ను జర లేపుండ్రి."

ఎదురింటి భిక్షం గొంతు. డెబ్బై దాటిన మనిషి. జైపాల్ కిటికీ సందులోంచి చూశాడు. గుంట అంచున ఒక చెప్పు ఉంది. ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాడు. ఒక బైకు వచ్చింది, గుంటను నేర్పుగా తప్పించుకుని వెళ్లిపోయింది. కేకేద్దామంటే తాను ఔలిలో ఉన్నాడు. కేకేయకపోతే భిక్షం గుంటలో ఉన్నాడు. మూలుగు సన్నబడింది. తాను పడ్డ రోజు ఆ అడుగున ఎంత భయమేసిందో జైపాల్‌కు గుర్తొచ్చింది. బాలరాజ్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, మా ఇంటి ముంగట గుంటల భిక్షం పెద్దబాపు పడ్డడు. జల్ది రా."

"నువ్వు ఔలిల లేవా?"

"ఉన్న. గని కనిపిస్తున్నది" అన్నాడు జైపాల్. అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే ఊపిరిలో చెప్పడం ఆయనకు వృత్తిలో అలవాటే.

బాలరాజ్ నలుగురితో పరుగెత్తుకొచ్చి చూశాడు. భిక్షం నిజంగానే గుంటలో ఉన్నాడు. ఆయన్ను పైకి లాగి దవాఖానకు పంపి, అందరూ జైపాల్ ఇంటికి వేసిన తాళం వైపు చూశారు. సీసీ కెమెరా ఉందేమోనని ఒకడు అన్నాడు. వెతికితే కెమెరా లేదు. దాంతో సందేహానికి చోటు లేకుండా పోయింది. హిమాలయాల గాలి సోకితే దూరదృష్టి రావడం మన దేశంలో కొత్త కాదని, జైపాల్‌కు నాలుగు రోజుల్లోనే వచ్చిందంటే గత జన్మ సుకృతమని సాయంత్రానికల్లా కాలనీ ఏకాభిప్రాయానికి వచ్చింది. గుంటను పూడ్చే విషయం కూడా ప్రస్తావనకు వచ్చింది. దర్శనమైన స్థలాన్ని ముట్టుకోవద్దని పెద్దలు వారించి, చుట్టూ బంతిపూల దండ కట్టించారు.

ఇంటివాళ్లు చీకటితోనే తిరిగొచ్చిన రోజు పొద్దున తలుపు తెరుచుకుంది. చలికి ముక్కు మీద తోలు ఊడి, గొంతులో కొత్త నవ్వుతో వచ్చిన అనురాధ వెనక, చంకలో కర్రతో జైపాల్ బయటికొచ్చాడు. అప్పటికే గేటు ముందు జనం వరుసలో ఉన్నారు. ఒకాయన కొబ్బరికాయ తెచ్చాడు. ఇంకొకాయన తన కొడుకుకు ఉద్యోగం ఎప్పుడొస్తుందో కొంచెం చూసి చెప్పమన్నాడు. కందుకూరు నుంచి వచ్చిన భూపాల్ అనే రైతు, తన పొలం పక్కనుంచి రోడ్డు పడుతుందంటే ఉంచుకుంటానని, లేకపోతే వెంటనే అమ్మేస్తానని, ఏ సంగతో చెప్పమని చేతులు జోడించాడు.

జైపాల్ ఆ జోడించిన చేతుల వంక చూశాడు. పడని రోడ్లను చూపించి ఆయన ఎన్నో ప్లాట్లు అమ్మాడు. కొన్నవాళ్లంతా బేరమాడారు, అనుమానించారు, తిట్టారు కూడా. ఇట్లా కళ్లు మూసుకుని ఎవరూ నిలబడలేదు. తన మాటంటే ఆయనకు మొదటిసారి భయమేసింది.

"నేను ఏడికి పోలే" అన్నాడు. "గీ గుంటలనే పడ్డ. ఇంట్లనే దాసుకున్న. కిటికీలకెంచి చూసి ఫోన్ చేసిన. గంతే."

జనం అనురాధ వైపు తిరిగారు.

"అవ్. ఆయిన రాలే. మేమే పోయినం" అందామె.

జైపాల్ తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. గుండె తేలికైంది కూడా. ఇంతలో బాలరాజ్ ముందుకొచ్చి, కన్నీళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి పైకెత్తాడు.

"మిత్రులారా, విన్నారు కదా. మనలాంటి అల్పులు పోకున్నా పోయినామని చెప్పుకుంటాం. ఈయన పోయి, సాధించి, నేను ఏడికి పోలే అంటున్నాడు. భార్య చేత కూడా అనిపిస్తున్నాడు. దీన్నే వినయం అంటారు."

చప్పట్లు మోగాయి. జైపాల్ ఇంకా ఏదో చెప్పబోయాడు గాని, చెప్పేకొద్దీ వినయం పెరిగిపోతోందని గమనించి ఊరుకున్నాడు.

భూపాల్ ఒక్కడే కదలకుండా నిలబడి, అన్నీ జాగ్రత్తగా విన్నాడు. దగ్గరికొచ్చి చెవిలో మెల్లగా అడిగాడు.

"గవన్నీ నాకెరికే అన్నా, నువ్వు పోలేదని. రోడ్డు సంగతి చెప్పు."