మెట్ల మీద మధ్యవర్తిత్వం

సోమవారం ఉదయం కాఫీ తాగుతూ తండ్రి షరతు పెట్టాడు. ఆదివారం లోపల మెట్ల తగాదా తీర్చితే కూతురి చదువు సాగుతుంది. లేకపోతే కామర్సుకు మారాలి. ఆయన భూముల సర్వేయరు. కొలతకందని విద్య మీద నమ్మకం లేదు. ఆమె డిగ్రీలో అంతర్జాతీయ సంబంధాలు, భద్రత అనే విషయాన్ని ఏరికోరి తీసుకుంది. మంచం పక్క గోడకు ప్రపంచ పటం అంటించుకుని, నిద్రలేవగానే దాన్నే చూసేది.

"దేశాల గొడవలు తీరుస్తామంటారుగా. మీ బాబాయి చెప్పుల స్టాండు సంగతి తేల్చు, చూద్దాం," అన్నాడాయన.

పై వాటాలో ఉండే బాబాయికి మందుల షాపు ఉంది. ఆయన మెట్ల మలుపులో చెప్పుల స్టాండు పెట్టాడు. తగాదా అంతే. అన్నదమ్ములు అయిదు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయేది. ఆమె మొట్టమొదట ఆ మాటలనే నిషేధించింది. కోపంలో ఉన్న పక్షాలు నేరుగా మాట్లాడుకోరాదనీ, ప్రతి కబురూ మధ్యవర్తి ద్వారానే నడవాలనీ ఆమె నోటుబుక్కులో ఉంది. ఎదుటివాడి చర్యకు సరిసమానమైన ప్రతిచర్య లేకపోతే అలుసైపోతారని అదే పేజీలో ఉంది. నిష్పక్షపాతంగా ఉండాలి కనుక, దీన్ని ఇద్దరికీ బోధించింది.

మంగళవారం తండ్రి స్టాండును టేపుతో కొలిచి అడుగున్నర పక్కకు జరిపాడు. దానికి సమానమని తోచి బాబాయి డాబా తలుపుకు తాళం వేశాడు. తండ్రి లెక్కలో తాళానికి సమానం నీళ్ల మోటారు. గురువారానికి పైన నీళ్లు లేవు, కింద బట్టలారేసుకునే చోటు లేదు.

"ఇదివరకు ఇద్దరూ ఊరికే విసుక్కునేవాళ్లమ్మా," అంది పిన్ని బిందె మోస్తూ. ఆ మాటను ఆమె 'పౌరుల అభిప్రాయం' అనే శీర్షిక కింద రాసుకుంది.

శనివారం సాయంత్రం తండ్రి మనసు మెత్తబడింది. మెట్లకు కిటికీ లేదు, ఉన్న బల్బు గుడ్డిగా వెలుగుతోంది, తమ్ముడికి చూపు ఆనదు. దాన్ని తీసేసి, పెద్దది కొనడానికి బయలుదేరాడు. పైకి ఒక్క కేక వేస్తే సరిపోయేది. నిబంధన ప్రకారం కూతురికి చెప్పి వెళ్లాడు. ఆమె ఈ శుభపరిణామాన్ని తేదీ వేసి నమోదు చేసి, కబురుకు తగిన పదాలు వెతుకుతుండగా మెట్ల మీద చప్పుడైంది.

బాబాయికి తుంటి ఎముక రెండు చోట్ల విరిగింది. ఇక కర్ర లేకుండా నడవలేడని డాక్టరు చెప్పాడు.

ఆసుపత్రికి తండ్రి కొత్త బల్బు పెట్టెతోనే వచ్చాడు. "పెద్దది వేద్దామని తీశాన్రా."

"ఆ ముక్క నాతో అనకపోయావా, అన్నయ్యా?"

"మాట్లాడొద్దంది కదరా."

ఇద్దరూ ఒకేసారి ఆమె వైపు చూశారు.

"మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు నాన్నా. గడువుకి ఇంకా ఒక రోజుంది," అంది ఆమె సన్నగా.

వాదనలో తప్పేమీ లేదు. తగాదా తీరిందని తండ్రీ ఒప్పుకున్నాడు, బాబాయీ ఒప్పుకున్నాడు.

సోమవారం, కామర్సుకు మార్చమనే దరఖాస్తు మీద తండ్రి సంతకం చేశాడు. సాక్షి సంతకం బాబాయి మంచం మీద పడుకునే చేశాడు. ఆమె మధ్యవర్తిత్వంలో ఇరుపక్షాలూ ఏకాభిప్రాయంతో కుదుర్చుకున్న ఒప్పందం అదొక్కటే.