రెండోది రావట్లేదు

శనివారం పొద్దున్నే మణిశంకర్ ఒక పథకం వేసుకున్నాడు. సాయంత్రం ఏడింటికి భార్య మధులత వీడియో కాల్ చేస్తానంది. ఆలోగా మొన్న కొన్న పెద్ద మానిటర్‌ని ల్యాప్‌టాప్‌కి తగిలించాలి. ల్యాప్‌టాప్‌లో పిల్లల మార్కులు ఎక్కించుకుంటూ, పక్కన పెద్ద తెర మీద భార్యని నిండుగా చూసుకుంటూ అన్నం తినాలి. పెళ్ళయినవాడికి ఇంతకన్నా చిన్న కోరిక ఉండదు.

అతను భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల లెక్చరర్. ఆమె రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగి. మధ్యలో రెండున్నర గంటల బస్సు. మొదట్లో శనివారం వస్తే ఎవరో ఒకరు ఆ బస్సెక్కేవారు. తర్వాత అతనికి పరీక్షల డ్యూటీలు, ఆమెకి ఆడిట్లు వచ్చాయి. ఆ తర్వాత ఏ కారణమూ అక్కర్లేకుండానే మానేశారు. ఫోన్లు తగ్గి మెసేజీలయ్యాయి, మెసేజీలు తగ్గి బొటనవేలి బొమ్మలయ్యాయి. మణిశంకర్ ఈమధ్య కుక్కర్‌తో మాట్లాడుతున్నాడు. అది కూత వేస్తే "వస్తున్నా, వస్తున్నా" అంటాడు. ఇంట్లో అతన్ని పిలిచేది అదొక్కటే మరి. నిజం చెప్పాలంటే అతనికి చాలా దిగులుగా ఉంది. అలాంటిది ఈవారం "మీతో కాస్త మాట్లాడాలి" అని మధులతే మెసేజ్ పెట్టేసరికి కాళ్ళు నేల మీద నిలవలేదు.

అయితే మణిశంకర్‌కి కంప్యూటర్‌లో విండోస్ వద్దు, లైనక్స్ తప్ప మరోటి ముట్టనని ఒక వ్రతం ఉంది. క్లాసులో పాఠానికి బదులు ఆ వ్రతకథే చెబుతాడని పిల్లలంటారు. నిన్న అప్‌డేట్ చేశాక గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే బొమ్మని తెర మీదకి తెచ్చి పెట్టే ప్రోగ్రాం, అలిగింది. మానిటర్ కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ తెర నల్లబడిపోతోంది. మానిటర్ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతోంది. కేబుల్ పీకేస్తే ల్యాప్‌టాప్ మళ్ళీ మామూలే.

గదిలో ఉక్కగా ఉందని అతను ఫోన్ పట్టుకుని డాబా మీదకొచ్చి, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు ఫిన్నీకి చేశాడు. కింది వాటాలో ఉండే ఇంటావిడ అమ్మణ్ణి గారు అక్కడే చల్లమిరపకాయలు ఎండబెడుతున్నారు.

"మొదటిది బాగానే ఉందిరా ఫిన్నీ. రెండోది వస్తేనే గొడవ. అది రాగానే ఇది నల్లగా మొహం పెట్టేస్తోంది."

అమ్మణ్ణి గారి చెయ్యి మిరపకాయల మీదే ఆగిపోయింది.

"రెండూ పక్కపక్కనే ఉండాలిరా, అదీ నా కోరిక. ఇందులో ఏం చేస్తున్నానో అందులో కనపడకూడదు. రాత్రి ఒక్క క్షణం వచ్చింది, దగ్గరికెళ్ళేసరికి పోయింది. తప్పంతా కొత్త డ్రైవర్‌దే. పాత డ్రైవర్ ఉంటే చక్కగా వచ్చేదేమో."

తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఆడమనిషి వచ్చినా "వచ్చింది", మానిటర్ వచ్చినా "వచ్చింది". ఈ సౌకర్యాన్ని అమ్మణ్ణి గారు పూర్తిగా వాడుకుని, చెంగు దోపుకుని మెట్లు దిగారు.

"ఏవండీ, పైన మాస్టారు రెండో కాపురం పెడుతున్నారండీ!"

భర్త ఆంజనేయులు గారు పేపర్ దించారు. రెవెన్యూలో రిటైరైన మనిషి, విచారణ చెయ్యందే ఏదీ నమ్మరు. "నీకెవరు చెప్పారు?"

"ఎవరో ఎందుకు, ఆయన నోటితోనే విన్నాను. దాన్ని తీసుకురావడానికి డ్రైవర్ని కూడా మార్చారట."

డ్రైవర్ అనగానే ఆంజనేయులు గారికి సందు చివర ఆటో సామ్యేలు గుర్తొచ్చాడు. మాస్టారు ఎక్కేది అతని ఆటోయే. మొన్న మానిటర్ పెట్టెని బస్టాండ్ నుంచి తెచ్చింది కూడా అతనే. ఇంట్లో ఒకటుందని, ఇది రెండోదని దారిలో మాస్టారే అతనికి చెప్పాడు. ఈ సంగతి తెలీని ఆంజనేయులు గారు చెప్పులేసుకుని సందు చివరికి నడిచారు.

"ఏరా సామ్యేలూ, మాస్టారింటికి రెండోదాన్ని తెచ్చింది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి. మొన్న సాయంత్రం తెచ్చానండి."

"అందరూ తిరిగే వేళే! ఎవరూ చూళ్ళేదా?"

"చూస్తే ఏంటండి? మాస్టారు ఒళ్ళో పెట్టుక్కూర్చున్నారు. గుంటొచ్చినప్పుడల్లా గట్టిగా పట్టేసుకున్నారండి పాపం."

"ఆటోలో... ఒళ్ళో..."

"కొత్తదేం కాదటండి, ఎవరో వాడి వదిలేసిందట. అయినా పర్లేదండి, బాగానే ఉంది."

విచారణ ముగిసింది. అద్దెకి దిగినప్పుడు తీసుకున్న నంబర్ వెతికి అమ్మణ్ణి గారు మధులతకి ఫోన్ చేశారు. "అమ్మా, ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదు. మీవారి దగ్గరికి రెండోది వచ్చింది. నువ్వు నల్లగా మొహం పెడుతున్నావని ఆయన బాధ. మీ ఇద్దరినీ పక్కపక్కనే పెట్టుకుంటారట. నువ్వు వెంటనే బయల్దేరి రా తల్లీ."

పైన మణిశంకర్ ఫిన్నీ చెప్పినట్టే కొత్త డ్రైవర్‌ని పూర్తిగా తీసేశాడు. దాంతో ల్యాప్‌టాప్ కూడా చీకటైపోయింది. మధ్యాహ్నం దాకా తీసింది పెట్టి, పెట్టింది తీసి, చివరికి రెండు నల్లటి తెరల ముందు కూలబడ్డాడు. రెండిట్లోనూ తన మొహమే కనపడింది. గదిలో మనుషులు పెరిగారు గానీ అందరూ తనే. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడింటికి మధులత చేస్తే చిన్న ఫోన్లోనే చూసుకోవాలి.

అప్పుడు తలుపు తోసుకుని మధులతే వచ్చింది. మెళ్ళో బ్యాంకు ఐడీ కార్డు కూడా తియ్యలేదు. వెనకాల అమ్మణ్ణి గారు, ఆంజనేయులు గారు, ఆమెని బస్టాండ్ నుంచి తెచ్చిన సామ్యేలు.

"ఎక్కడుంది?" అంది మధులత.

"ఏది?"

"రెండోది."

మణిశంకర్ గుండె నిండిపోయింది. పెళ్ళయ్యాక భార్య అతని కంప్యూటర్ గురించి అడగడం ఇదే మొదలు. "నీకెలా తెలిసింది? పొద్దుట్నుంచీ దాంతోనే చస్తున్నాను. అది రాలేదు సరికదా, మొదటిది కూడా పోయింది."

"పోలేదు. ఇక్కడే నించున్నాను," అంది మధులత పళ్ళు బిగించి.

అతను అయోమయంగా బల్లకేసి చెయ్యి చూపించాడు. అందరూ అటు చూశారు. "ఆయ్, ఇదేనండి నేను తెచ్చింది," అన్నాడు సామ్యేలు సంబరంగా.

ఆంజనేయులు గారు గొంతు సవరించుకుని, విచారణ ఇంకా ప్రాథమిక దశలోనే ఉందని చెప్పి దిగిపోయారు. కాకులు మిరపకాయలెత్తుకుపోతాయంటూ అమ్మణ్ణి గారూ జారుకున్నారు. సామ్యేలు ఆటో గుర్తొచ్చి పరిగెత్తాడు.

మానిటర్ ఎందుకు కొన్నాడో మణిశంకర్ చెప్పాడు. మధులత అంతా విని చాలాసేపు ఆ నల్లటి తెరనే చూసింది.

"నన్ను పెద్దగా చూసుకోడానికి ఇంత తెర కొన్నారు. బస్సెక్కాలనిపించలేదా?"

"నువ్వు బిజీ అన్నావుగా."

"అంటాను. మీరు నమ్మేస్తారా?"

అతను లేచి కంచాలు తెచ్చాడు. ఇద్దరికీ అన్నం వడ్డించాడు. "సాయంత్రం ఏదో మాట్లాడాలన్నావు?" అన్నాడు.

ఆమె అన్నం కలుపుతూ ఉండిపోయింది. "ప్రమోషన్ ఇచ్చారు. ముంబైలో. వెళ్ళిపోతానని మీకు చెప్దామనుకున్నా. ఫోన్లో అయితే టకటకా చెప్పేద్దామని అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను. ఎదురుగా కూర్చుంటే నోరు పెగలట్లేదండీ."

"వెళ్ళొద్దు మధూ," అన్నాడు మణిశంకర్. "ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను."

"ఈ మాట ఒక్కసారైనా అన్నారా?" అని ఆమె ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. వెళ్తాననీ అనలేదు, మాననీ అనలేదు. సోమవారం దాకా గడువుందంది. రెండోసారి అన్నం పెట్టించుకుంది.

ఆ తెర గనక పనిచేసి ఉంటే, మణిశంకర్ ఏడింటికల్లా తన భార్య వెళ్ళిపోతాననడం ఇరవై నాలుగంగుళాల సైజులో, పూర్తి రంగుల్లో చూసి ఉండేవాడు.