రెండు వేళ్ల లోతు

ఆ లక్ష్మివారం పొద్దున్న కూర్మయ్య వేసుకున్న పథకం చిన్నదే. ఇద్దరికి ఉప్మా చెయ్యాలి, ఇద్దరికి టీ పెట్టాలి, చెట్టుకి ఇంకా చేవ రాలేదని గంగులు నోట వినాలి.

శృంగవరపుకోట రూట్లో ముప్ఫై ఏళ్లు కండక్టరు చేశాడు కూర్మయ్య. రోజూ అరవై మంది మీదపడేవారు గానీ, పెళ్లి బస్సు మాత్రం ఆయన స్టాపులో ఆగలేదు. రిటైరయ్యాక మిగిలింది ఒక ఇల్లు, అందులో ఒకే ప్యాసింజరుగా తను, పెరట్లో పాతికేళ్ల టేకు చెట్టు. ఒక్కోసారి గుమ్మం దగ్గర నిలబడి "రైట్ రైట్" అనేవాడు. ఇల్లు కదిలేది కాదు.

చెట్టుకి చేవ కడితే కొట్టి తలుపులు చెయ్యాలని వడ్రంగి గంగులుతో ఒప్పందం. అతను మూడు నెలలకోసారి వచ్చి, బర్మాతో మానుకి కన్నం పెట్టి, రాలిన పొట్టు చూసేవాడు. తేనె రంగుంటే చేవ, తెల్లగా ఉంటే పచ్చి చెక్క. ఆరేళ్లుగా తెలుపే. అది బర్మా టేకు కాదు గానీ, బర్మా దెబ్బలకి పిల్లనగ్రోవి అయిపోయింది.

"ఏటి బావా, వచ్చిందేటి?" ఆ రోజూ అడిగాడు కూర్మయ్య.

"ఎక్కడిది బావా! నీళ్లు తెగ తాగిన సెట్టు ఒళ్లు సేస్తాది గానీ సేవ కట్టదు. నీళ్లు తగ్గించు."

ఆ మాట కూర్మయ్యలో వేళ్లూనుకుంది. నీళ్లు పోస్తే చేవ రాదు. చేవ రాకపోతే గంగులు వస్తాడు. మర్నాటి నుంచి తెల్లారేసరికి బిందెలు బిందెలు పోశాడు. అక్కడివాళ్లు చేవని సేవ అంటారు. ఆయన చేసిందీ అదే.

గోడవతల లక్ష్మణమ్మ చూసింది. "నూటెనిమిది బిందెల మొక్కేటి తమ్ముడూ? పెళ్లి కోసమేనా?"

గోడ దగ్గర నిలబడి ఆయన్ని ఒకరు పలకరించి నాలుగేళ్లయింది. కాదంటే వెళ్లిపోతుందేమోనని, "మరే!" అన్నాడు.

లక్ష్మణమ్మ తనూ ఒక బిందె పోసింది. నెల తిరగకుండా ఆవిడ మేనకోడలు దుర్గాభవానికి సంబంధం కుదిరింది. ఇక పెరడంతా మొక్కుకునేవాళ్లు, బిందెలు, పసుపు దారాలు, కొబ్బరి చిప్పలు. కూర్మయ్య గేటు దగ్గర చెలరేగిపోయాడు. "ముందుకి జరగండమ్మా, ముందు ఖాళీ ఉన్నాది!"

మూడు నెలలకి టేకు చెట్టు వరిమడిలో నిలబడ్డట్టయింది. గంగులు చీలమండల లోతు బురదలో దిగి, బర్మా ఆనించి ఒక్క తిప్పు తిప్పాడు. పక్కవాడి భుజమ్మీద కునుకు తీసే ప్యాసింజరులా చెట్టు మెల్లగా ఒరిగి, లక్ష్మణమ్మ గోడ మీద పడుకుంది.

"ఓలమ్మో, నా గోడ!"

మహిమ పోయిందన్నారు. భక్తులు ఎవరి బిందె వాళ్లు ఎత్తుకుపోయారు. పెరట్లో మళ్లీ ఒక్క కూర్మయ్య, రంపంతో గంగులు.

మాను రెండుగా తెగింది. అంచున రెండు వేళ్ల మందం తెలుపు. లోపలంతా చిక్కటి తేనె రంగు.

"ఇదేటి? ఇయ్యాలే వచ్చిందేటి సేవ?"

గంగులు తల దించుకున్నాడు. "ఆరేళ్ల కిందటే కట్టింది బావా. నా బర్మా రెండు వేళ్ల లోతు దాటనిచ్చేవాణ్ణి కాదు."

"ఎందుకురా?"

"ఊరంతా రెడీమేడ్ తలుపులు కొనీస్తన్నారు. నన్ను పిలిసే గుమ్మం ఇదొక్కటే. సేవ వచ్చిందంటే సెట్టు కొట్టించీస్తావు. తలుపులు పది రోజుల పని. ఆ తరవాత ఎక్కడికెళ్లీది?"

"మరి నానెందుకు నీళ్లు పోసీనాననుకున్నావు?" అన్నాడు కూర్మయ్య.

ఇద్దరూ దుంగ మీదే కూర్చుని చల్లారిన టీ తాగారు.

"తలుపులొద్దు బావా. ఉన్న తలుపుకే దిక్కులేదు, తట్టీవోడేడీ? బెంచీ సెయ్యి. ఇద్దరం కూకునేది."

ఇది జరిగి ఏడాది దాటింది. బెంచీకి మూడు కాళ్లు వచ్చాయి. నాలుగో కాలికి చెక్క ఇంకా ఆరలేదని గంగులు రోజూ వచ్చి చూసి పోతున్నాడు.