గవరమ్మ బొరియ, ప్లీడర్ల తీర్మానం

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మామూలు పెద్దది కాదు, ఈ చివర వానకు తడిసిన ఉడుత ఆ చివరకు చేరేలోపు ఒళ్ళారి, పెళ్ళాడి, మనవలకు బారసాలలు కూడా చేసుకునేంత పెద్ద అడవిలో, గవరమ్మ అనే ముళ్ళపంది ఉండేది.

గవరమ్మ మొగుడు పోయాడు. ఇద్దరు పసిపిల్లలు. ఆస్తి అంటే ఒకటే, బొరియ. మూడు తరాలవాళ్ళు గోళ్ళు అరగదీసుకుని తవ్విన బొరియ. బయట ప్రళయం వచ్చినా లోపల అప్పడాలు ఆరబెట్టుకోవచ్చు, అంత పొడిగా ఉండేది.

ఒకరోజు పిల్లల్ని వెంటేసుకుని దుంపలకు పోయి తిరిగొచ్చేసరికి గుమ్మంలో బోర్డు. ‘జంబునాథం, అధ్యక్షుడు, అఖిలారణ్య ప్లీడర్ల సంఘం.’ లోపల్నుంచి గురక.

జంబునాథం నక్క. కాకి ఈకలతో నల్లకోటు, మెడకు కొంగ ఈకల తెల్లపట్టీ. స్నానానికి పోయినా అవి విప్పడని చెప్పుకునేవారు. అసలు స్నానానికే పోడని ఇంకొందరు చెప్పుకునేవారు.

“అయ్యా, ఇది మా ఇల్లు” అంది గవరమ్మ.

“ఖాళీగా ఉందే!”

“దుంపలకు వెళ్ళాం బాబూ.”

“వెళ్ళారు కదా? అంటే ఖాళీ చేశారు. మళ్ళీ వస్తామని ఎక్కడైనా రాసిపెట్టి వెళ్ళారా?”

గవరమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. “కోర్టుకు పోతాను” అంది.

జంబునాథం ఎంత నవ్వాడంటే పక్క కొండ మీంచి రెండు బండలు దొర్లాయి. “పోయిరామ్మా. దారిలో గోతులుంటాయి, పిల్లలు జాగ్రత్త.”

మృగశిర కార్తెకు పదిహేను రోజులే ఉంది. వానలు పడ్డాక గూడు లేకపోతే ఆ పసికూనలు రెండూ బతకవు. గవరమ్మకు తెలిసిన లా పాయింటు అదొక్కటే.

కోర్టు టేకుచెట్ల మధ్య. జడ్జీగారు ఏనుగు. గవరమ్మ నోరు తెరిచిందో లేదో ఆయన తొండం ఎత్తారు.

“ఆగమ్మా. ఇక్కడ సంఘ సభ్యులకు తప్ప ఇంకెవరికీ నోరు లేదు. ప్లీడర్ని పెట్టుకుని రా.”

“నా ఇంటి సంగతి నేను చెప్పుకోకూడదా అయ్యా?”

“చెప్పుకో, నాకు మాత్రం వినపడదు” అని చెవులు ముడుచుకున్నారు. ఒక్కో చెవి కింద యాభై మందికి పెళ్ళి పందిరి వెయ్యొచ్చు. అయినా వినపడదట!

గవరమ్మ చిలక ప్లీడరు సుకుమారం దగ్గరికి పోయింది. మూడు వేల తీర్పులు తడుముకోకుండా అప్పజెప్పగలడని పేరు. వాటిలో ఏముందో ఆయన్ని ఎవరూ అడగలేదు గనక ఆయనా ఎప్పుడూ ఆలోచించలేదు.

“బొరియ కబ్జానా! బ్రహ్మాండమైన కేసు” అని కలం ముక్కున పట్టాడు. “ఎవరి మీద అత్తా?”

“జంబునాథంగారి మీద.”

కలం జారి కింద పడింది. “సంఘ సభ్యుడి మీద ఏ సభ్యుడూ వకాలతు పుచ్చుకోరాదు, పుచ్చుకున్నచో పేరు కొట్టివేయబడును. మొన్ననే ఏకగ్రీవంగా తీర్మానించాం అత్తా.”

“ఏకగ్రీవమంటే?”

“జంబునాథంగారు చదివారు. మేం తలలూపాం.”

నాలుగు కొండలూ ఆరు వాగులూ తిరిగింది గవరమ్మ. కోతి ప్లీడరు పేరు వినగానే పై కొమ్మకు పోయాడు. కొంగ ప్లీడరు ఒంటికాలి మీద నిలబడి మొత్తం విని, రెండో కాలి మీదికి మారి, “వీల్లేదు” అన్నాడు.

ఇక చేసేదేముంది, వెళ్ళి సంఘం ఆఫీసు ముందు కూర్చుంది. ఆ ఆఫీసు గోడ మీద సంఘం ఆశయాలు రెండు రాసి ఉండేవి. ఒకటి, ప్లీడర్ల గౌరవం కాపాడటం. రెండు, కక్షిదారుల హక్కులు కాపాడటం. రెండోదాన్ని చెదలు తినేశాయి. ఏది తింటే ఎవరూ అడగరో చెదలకు కూడా తెలుసు.

గవరమ్మ అరవలేదు, ఏడవలేదు. ముళ్ళు ఆడించింది. గలగల, గలగల. పొద్దున్న మొదలుపెడితే పొద్దుగూకేదాకా. ఆ చప్పుడుకు లోపల ఒక్క తీర్మానం కదలలేదు. ఒక సభ్యుడి వేలువిడిచిన మేనమామగారి పినతల్లికి దగ్గు వచ్చిందని వారంపాటు విధులు బహిష్కరించాల్సిన తీర్మానం, పాపం, అది కూడా ఆగిపోయింది. ఈలోపు ఆవిడ దగ్గు తగ్గిపోయింది కూడాను!

ఏడోనాడు జంబునాథం సుకుమారాన్ని పక్కకు పిలిచాడు.

“ఆవిడకు సభ్యత్వం ఇచ్చేద్దామోయ్.”

“గవరమ్మత్తకా! చదువు?”

“నీకుందా? అప్పజెబుతావు, అంతేగా. ఆవిడకు కోటు కుట్టించే పనైనా లేదు, చూశావా? నలుపూ తెలుపూ ఒంటి మీదే మొలిచాయి.”

“అది కాదు సార్...”

“పిచ్చివాడా, సభ్యురాలైతే నా మీద నోరెత్తకూడదు. తీర్మానం! బయట ఉన్నవాళ్ళు గలగలమంటారు, లోపలికొస్తే తలూపుతారు. ఇరవై ఏళ్ళుగా ఈ సంఘాన్ని ఎలా నడుపుతున్నాననుకున్నావ్?”

మర్నాడే ప్రమాణ స్వీకారం. అడవిలో పూలన్నీ కోసేశారు, తేనెటీగలు ఆ రోజు పస్తు. సుకుమారం తీర్మానం చదివి వినిపించాడు. గవరమ్మ తల వంచుకుని, ఒక్కో మాటా నములుతున్నట్టు వింది.

“సభ్యుడి మీద ఏ సభ్యుడూ... మళ్ళీ ఓసారి చదువు నాయనా.”

మళ్ళీ చదివాడు.

“అధ్యక్షులవారైనా అంతేనా?”

“అధ్యక్షుడైనా అంతే!” అని జంబునాథం రొమ్ము విరుచుకున్నాడు. “సంఘంలో అందరూ సమానమే.”

“ఇప్పుడు నేనూ సభ్యురాలినేగా బాబూ?”

“ముమ్మాటికీ!”

గవరమ్మ వినయంగా తలూపింది. అందరూ చప్పట్లు కొట్టారు.

విందు తిని, దండలతోనే వెళ్ళి, జంబునాథం బొరియలో నడుం వాల్చాడు. కాస్త కునుకు పట్టేసరికి గుమ్మం చీకటైంది. ముళ్ళపంది కలబడేటప్పుడు ముఖం చూపించదు, వీపు చూపిస్తుంది. గవరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ లోపలికొచ్చేసింది. జంబునాథానికి వెనకగుమ్మం ఒక్కటే దిక్కైంది. అదీ సన్నం. అందులో ముందు తల దూర్చాడు గనక వెనక భాగానికి ఆలస్యమైంది.

ఆ కేకకు మూడు కొండల అవతల అడవికోళ్ళు తెల్లారిందనుకుని మిట్టమధ్యాహ్నం కూశాయి. ముళ్ళు ఎన్ని దిగాయంటే, ఎదురొచ్చిన కుందేలు అదేదో కొత్తరకం ముళ్ళపంది అనుకుని నమస్కారం పెట్టి మరీ పోయింది.

అలాగే కోర్టుకు పరిగెత్తాడు.

“అయ్యా, దౌర్జన్యం! నా ఇంట్లో జొరబడి...”

“ఎవరు?” అన్నారు జడ్జీగారు.

“గవరమ్మ!”

“ఆవిడ మీ సంఘ సభ్యురాలట కదా. ఏమండీ సుకుమారంగారూ, అదేదో తీర్మానం ఉండాలే?”

సుకుమారానికి అప్పజెప్పమంటే ఆగడం చేతకాదు. “సంఘ సభ్యుడి మీద ఏ సభ్యుడూ వకాలతు పుచ్చుకోరాదు, పుచ్చుకున్నచో పేరు కొట్టివేయబడును” అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా అనేశాడు.

“నా కేసు నేనే వాదించుకుంటాను!”

“మీరూ సభ్యులేగా” అని జడ్జీగారు చెవులు ముడుచుకున్నారు.

ఆ సాయంత్రమే అత్యవసర సర్వసభ్య సమావేశం. అడవి నలుమూలల నుంచీ ప్లీడర్లు వచ్చారు. జంబునాథం గొంతు చించుకున్నాడు.

“ఈ తీర్మానం అన్యాయం! ప్రాథమిక హక్కులకు గొడ్డలిపెట్టు! రద్దు చెయ్యాలనేవాళ్ళు చెయ్యెత్తండి!”

ఒక్క చెయ్యి లేవలేదు. సుకుమారం కాపురం ఉంటున్న తొర్ర వడ్రంగిపిట్టది. కోతి ప్లీడరు ఏలుతున్న ఇప్పచెట్టు ఎలుగుబంటిది. కొంగ ప్లీడరుగారి మడుగు నిన్నమొన్నటిదాకా నీటికుక్కలది. తీర్మానం పోతే మర్నాడు ఎవరింటి గుమ్మంలో ఎవరు నిలబడతారో అందరికీ తెలుసు.

“తీర్మానం ఉండాలనేవాళ్ళు లేచి నిలబడండి” అన్నాడు కొంగ.

అందరూ లేచారు. జంబునాథం ఎప్పటినుంచో నిలబడే ఉన్నాడు, కూర్చోలేక. ఏకగ్రీవమని రాసుకున్నారు.

ఆ తర్వాత అధ్యక్షులవారి వెనక భాగానికి ప్రగాఢ సానుభూతి తెలుపుతూ మూడు రోజులు విధులు బహిష్కరించాలని ఇంకో తీర్మానం పెట్టారు. దానికి అందరికంటే ముందు తలూపింది గవరమ్మ.

మృగశిర వాన చెప్పిన రోజుకే వచ్చింది. ఆ వానకు చేపలు కూడా గొడుగులు వెతుక్కున్నాయట. గవరమ్మ పిల్లలు బొరియలో పొడిగా, వెచ్చగా నిద్రపోయారు. జంబునాథం బోర్డు మీద గవరమ్మ దుంపలు తరుగుతోంది.

వాన వెలిసిన పొద్దున సుకుమారం ఆఫీసు తలుపు తీసేసరికి బయట వరస కట్టి ఉన్నారు. ముందు వడ్రంగిపిట్ట, దాని వెనక ఎలుగుబంటి, ఆ వెనక నీటికుక్కలు పదకొండు.

“ఏం కావాలి?” అన్నాడు, తలుపు సగం మూస్తూ.

“సభ్యత్వం ఫారాలు బాబూ” అంది వడ్రంగిపిట్ట, ముక్కు చెట్టుకేసి సానబట్టుకుంటూ.

నీతి: ఐకమత్యమే మహాబలం, ముళ్ళున్నవాళ్ళు అందులో చేరనంతవరకు.