రేడియోలో పారిన నీళ్లు

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం. కోడుమూరు దాటి గుట్టల్లోకి పోయే బండిబాట మీద సుద్దపల్లె అని ఒక ఊరు. ఒకనాడు తెల్లవారి తిరుపతమ్మ ఊరి పక్కన ఎండిన వంకలో మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలో తవ్విన చెలమలోంచి కొబ్బరిచిప్పతో నీళ్లు తోడుతూ, రేడియోకు ఏం చెప్పాలో ఒకటికి రెండుసార్లు అనుకుంటోంది. ఊరి బావి అడుగంటి రాళ్లు తేలాయి. చెలమలో ఊరే నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లగా ఉంటాయి. కొత్త బావి తవ్విస్తామని సర్కారు ఎలక్షన్‌కొకసారి చెప్పింది. ఎలక్షన్లు అయ్యాయి. బావి కాలేదు.

ఆ రోజుల్లో రేడియోలో "మీ ఊరు, మీ గోడు" అని ఒక కార్యక్రమం వచ్చేది. రేడియో వాళ్లు వ్యాన్ వేసుకుని ఏదో ఒక ఊరికి వచ్చేవాళ్లు. జనం చెప్పుకున్న గోడు యంత్రంలోకి పట్టుకుపోయి దేశానికంతా వినిపించేవాళ్లు. విన్న అధికారి అదే రేడియోలో జవాబు చెప్పుకోవాలి. అట్లా చెప్పుకోలేక ఒక అధికారి రాయచోటి వైపు ఏదో పల్లెలో బడికి పైకప్పు వేయించాడని విన్నప్పటి నుంచి సుద్దపల్లెకు ఆశ పుట్టింది. ఇవాళ మధ్యాహ్నం ఆ వ్యాన్ తమ ఊరికే వస్తోంది. మాట్లాడేది తిరుపతమ్మేనని ఊరంతా ఒక్కమాట మీద నిలబడ్డారు. గౌరవంతో కాదు. ఆమె నోటికి జడిసి.

"రేడియో అయ్య రాంగానే ఈ తెల్లనీళ్లు చెంబు నిండా పోసి చేతికిస్తా" అంది తిరుపతమ్మ, పక్క చెలమలో తోడుకుంటున్న రాహేలమ్మతో. "'తాగు నాయనా' అంటా. తాగలేడు. 'నువ్వు ఒక్క చెంబు తాగలేకపోతివి, మేము ఏడాది పొడుగునా ఇవే తాగుతాండాము' అని ఆ మైకులో అంటా. ఇంకేం చెప్పబన్లేదు. ఆ మాట వింటే బావి దానంతట అదే పడాల."

రాహేలమ్మది ఊరి బయట చర్చి పక్కన పేట. వాళ్లకు ఊరి బావిలో నీళ్లున్నప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అందుకని ఆమెకు అంత తొందర లేదు. "ఇంటికొచ్చినోళ్లకు ఈ నీళ్లియ్యను నీకు చెయ్యి వస్తాదామ్మా?" అంది నవ్వి.

"నాకా? బాగా వస్తాది."

ఆమె కడవ నెత్తినెత్తుకుని ఊర్లోకి వచ్చేసరికి చావడి ముందర పంచాయతీ ప్రెసిడెంటు ఓబుళరెడ్డి నిలబడి ఉన్నాడు. మెడలో కొత్త కండువా. పైకి మెలితిప్పిన మీసం.

"తిరుపతమ్మా, ఆ కడవ ఈడ దించు" అన్నాడు. "రేడియో యంత్రంలోకి దుమ్ము పోతే చెడిపోతాదంట. బజారంతా నీళ్లు చల్లాల."

"బజారుకా? తాగను లేకపోతే బజారుకు నీళ్లా? ఏం రెడ్డన్నా, నిద్దర మేల్కొన్నావా లేదా?"

"యంత్రం చెడిపోతే నీ నోరు ఎట్లా వినపడతాది? బావి కావాల్నా వద్దా?"

బావి కావాలి. తిరుపతమ్మ కడవ దించింది. ఆమె దించడం చూసి లక్ష్మక్క తెచ్చింది. లక్ష్మక్క తెచ్చిందని ఎదురింటామె తెచ్చింది. చల్లిన నేల నల్లగా, చల్లగా కనపడేసరికి ఆడవాళ్లకు ఎన్నాళ్ల మోజో బయటపడింది. ఎవరి వాకిట వాళ్లు పేడనీళ్లు చల్లి ముగ్గులేశారు. ఆ వీధి కంటే మా వీధి తక్కువా అని రెండో వీధివాళ్లు కూడా చల్లారు. ఇంకా చాలకపోతే ఓబుళరెడ్డి పేటకు కబురంపాడు. రాహేలమ్మ, ఆమె మొగుడు ఏసేపు కడవలు మోసుకొచ్చారు. ఏనాడూ పేట కడవ వైపు చూడని ఓబుళరెడ్డి ఆ రోజు ఇది ఎవరి కడవ అని అడగలేదు.

"సుద్దపల్లెకు పొయ్యొచ్చినాము, కాళ్లు కడుక్కోను నీళ్లియ్యలేదు అని వాళ్లు రేడియోలో చెప్తే ఏమయితాది?" అని అందరినీ కేకలేస్తూ తిరిగాడు. "మనకు ఎవురైనా పిల్లనిస్తారా? మన పిల్లనెవురైనా చేసుకుంటారా?"

"నీళ్లు లేవని చెప్పుకోడానికే కదప్పా వాళ్లను పిలిపించింది!" అని తిరుపతమ్మ మొత్తుకుంది.

"లేవని చెప్పుకుందాం. లేనట్టు కనపడకూడదు" అన్నాడు ఓబుళరెడ్డి. ఆ మాటలో తప్పేముందో ఆ ఊర్లో ఒక్క మగవాడికీ తెలియలేదు.

వ్యాన్ వచ్చింది. దుమ్ము కొట్టుకుని, ఎండకు వాడిపోయి ఇద్దరు దిగారు. ఒకడు డ్రైవరు. ఇంకొకడు సుందరం అని కృష్ణాజిల్లా అబ్బాయి, రేడియో ఉద్యోగి. దిగగానే కాళ్లకు నీళ్లు. ఆపైన మజ్జిగ. ఆపైన స్నానానికి దబర నిండా వేణ్ణీళ్లు. సుందరం వద్దన్నాడు గానీ డ్రైవరు వద్దనలేదు. వాడు కాళ్లు కడుక్కుని, మొహం కడుక్కుని, "రెడ్డిగారూ, ఇంజనుకు కూడా కొంచెం కావాలండి" అన్నాడు. కొంచెమంటే ఎంతో ఎవరికీ తెలియదు. వ్యాన్ మూతి తెరిచి పోస్తూనే ఉన్నారు. తెచ్చిన కడవ తెచ్చినట్టు గుటకలేస్తూ మింగింది. రాహేలమ్మ నోట చెయ్యి పెట్టుకుంది. "మా ఈది ఈదికంతా సరిపొయ్యేవి తాగిందమ్మా ఇది!"

 తిరుపతమ్మ వంతు ఇంకా రాలేదు. తెల్లనీళ్ల చెంబు లోపల సిద్ధంగా ఉంది. సుందరం ఆమె అరుగు మీద కూర్చుని, మైకు తీగలు సరిచేసుకుంటూ, చొక్కా చేత్తో చెమట తుడుచుకున్నాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

"అమ్మా, కాసిని మంచినీళ్లు ఇప్పిస్తారా?"

ఇదే సమయం. తిరుపతమ్మ లోపలికి పోయి చెంబు అందుకుంది. చెంబులోకి చూసింది. అడుగున బురద తిరుగుతోంది. గడప దాకా వచ్చింది. ఆ అబ్బాయి ఆమెను చూసి రెండు చేతులూ చాపాడు. ఆమె గడప దగ్గరే నిలబడి, వాడినీ, వాడి రేడియోనీ, ఓబుళరెడ్డినీ, తనను కన్నవాళ్లనీ లోలోపల తిట్టుకుని, వెనక్కి పోయింది. బురద అడుక్కి దిగేలా చిల్లగింజ అరగదీసి కలిపి, రాత్రంతా తేర్చి పెట్టుకున్న నీళ్ల కాగు ఒకటి మూల ఉంది. ఇంట్లో ఉన్న మంచినీళ్లన్నీ అవే. పైన తేరిన నీళ్లు ముంచి తెచ్చి చేతికిచ్చింది.

"తాగు నాయనా" అంది. వాడు గటగటా తాగాడు. "ఇంకో చెంబు తాగు. మొగమాటం ల్యాకుండా తాగు."

"అమృతంలా ఉన్నాయండి" అన్నాడు సుందరం. అప్పటికే యంత్రం తిరుగుతోందని తిరుపతమ్మకు తెలియదు.

ఆ తరువాత మైకు ఆమె ముందర పెట్టాడు. "ఇప్పుడు చెప్పండమ్మా. మీ ఊరి ఇబ్బందేమిటి?"

"మా ఊర్లో చుక్క నీళ్లు ల్యావు సామీ!" అంది తిరుపతమ్మ గొంతెత్తి.

ఇంటి వెనకాల నుంచి చెంబుతో దబదబా నీళ్లు కుమ్మరించుకుంటున్న చప్పుడు. ఓబుళరెడ్డి పెరడుకూ తిరుపతమ్మ పెరడుకూ ఒకే గోడ. డ్రైవరు స్నానం చేస్తున్నాడు. పైగా కూనిరాగం తీస్తున్నాడు.

సుందరం యంత్రం ఆపాడు. "అమ్మా, నీళ్ల చప్పుడు పడుతోంది. నీళ్లు లేవనే మాట వెనక నీళ్ల చప్పుడు వస్తే వినేవాళ్లు నవ్వుతారండి."

"అవి మీ డ్రైవరు పోసుకునే నీళ్లు నాయనా!"

"అదేనమ్మా నేననేది. ఉన్నాయి కాబట్టే కదా పోసుకుంటున్నాడు?"

తిరుపతమ్మ తెల్లనీళ్ల చెంబు కోసం లోపలికి పోయింది. తెచ్చేలోపల ఓబుళరెడ్డి మైకు ముందుకు వచ్చి, కండువా సర్దుకుని, సుద్దపల్లె మర్యాద గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. యంత్రంలో టేపు అయిపోయేదాకా ఆపలేదు.

వారం తిరక్కుండా రేడియోలో వచ్చింది. ఊరు ఊరంతా చావడి ముందర కూర్చుంది. సుందరం గొంతు తియ్యగా ఎత్తుకుంది: "కరువు సీమ నడిబొడ్డున ఒక చల్లని ఊరు. తడిసిన వీధులు, ముగ్గుల వాకిళ్లు. వచ్చినవారికి లేదనకుండా నీళ్లిచ్చే సుద్దపల్లె నుంచి ఇతర గ్రామాలు నేర్చుకోవలసింది ఎంతో ఉంది." ఆ తరువాత దబదబా నీళ్ల చప్పుడు. డ్రైవరు కూనిరాగం. దాని మీద తిరుపతమ్మ గొంతు, స్పష్టంగా, దేశమంతటా: "తాగు నాయనా. ఇంకో చెంబు తాగు. మొగమాటం ల్యాకుండా తాగు."

 ఓబుళరెడ్డి ఒక్కడే తల ఊపాడు. "గొంతు బాగా పడిందమ్మా నీది."

తిరుపతమ్మ లేచి, "నీ మర్యాద మంట్లో పొయ్య" అని, ఇంటికి పోయింది.

మరునాడు కోడుమూరు నుంచి ఆమె ఆడబిడ్డ నాగలక్ష్మమ్మ పిల్లా పాపలతో, మాసిన గుడ్డల మూటతో దిగింది. "రేడియోలో విన్నామొదినా! మాకు చెప్పనే లేదే! నాలుగు దినాలుండి దుప్పట్లు కూడా ఉతుక్కుని పోతా." ఆ వెనక గట్టుపల్లె వాళ్లు బానలు కట్టుకుని బండ్లు తోలుకొచ్చారు. నీళ్లు లేవంటే నమ్మలేదు. "ఊరూపేరూ తెలీని డ్రైవరుకు స్నానానికి పోస్తిరి, ఇరుగూరోళ్లకు తాగను పొయ్యరా? ఇదేనా మీ మర్యాద?" అని చావడి ముందర కొట్లాటకు దిగారు. మర్యాద మాట వినగానే ఓబుళరెడ్డి వాళ్లకు కూడా పోయించాడు. ఆ రాత్రి సుద్దపల్లెలో చాలా ఇళ్లలో పొయ్యి వెలగలేదు.

అసలు పిడుగు ఆ తరువాత పడింది. కరువు పశువుల శిబిరం పెట్టడానికి నీటి వసతి ఉన్న ఊరి కోసం వెతుకుతున్న సర్కారు, రేడియో విని, వెతకడం మానేసింది. ఒక అధికారి జీపులో వచ్చి ఊరి బయట బీడులో మేకులు పాతించాడు.

తిరుపతమ్మ జీపుకు అడ్డం నిలబడింది. "రా సామీ. వంకకు రా. మేము తాగేవి నీ కండ్లతో చూడు. మనుసులకే ల్యాకపోతే గొడ్లను తోలుకొస్తారా? మీకు బుద్ధుండాదా?"

"నువ్వే కదమ్మా రేడియోలో తాగు తాగు అన్నది?" అన్నాడు అధికారి.

"ఒకడు నోరెండి అడిగితే చెంబు నీళ్లిచ్చినా. అది నేను చేసిన తప్పా?"

"తప్పని ఎవరన్నారు? మెచ్చుకున్నాం కాబట్టే వచ్చాం" అని ఆయన జీపెక్కాడు.

పశువులు దిగాయి. డొక్కలెండిన ఎద్దులు, ఆవులు, దూడలు, బీడు నిండా. తాగడానికి ఏమీ లేక సాయంత్రానికి అరవడం మొదలుపెట్టాయి. తెల్లారినా ఆపలేదు. అధికారి పరుగున వచ్చి వంకకు పోయి చెలమల్లోకి చూశాడు. ఆయనకు చెమట పట్టింది. మనిషి దప్పికతో ఉంటే ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. శిబిరంలో ఎద్దు చస్తే ఎందుకు చచ్చిందో పైవాళ్లకు జవాబు చెప్పాలి. ఆ రోజే కర్నూలుకు జీపు పోయింది. ఆ వెంటనే బండలు పేల్చే తూటాలొచ్చాయి, రాళ్లు పగలగొట్టేవాళ్లొచ్చారు, నీళ్లు తోడే ఇంజనొచ్చింది. ఏళ్ల తరబడి ఊరు అడుక్కున్న బావి, గొడ్లు నాలుగు పూటలు అరిచేసరికి పడింది. అద్దంలాంటి నీళ్లు.

తిరుపతమ్మ కడవ తీసుకుని పోయింది. బావి దగ్గర గోపన్న అనే సర్కారు కావలివాడు కర్ర అడ్డం పెట్టాడు.

"ఇది పశువుల బాయి అక్కా. మనుసులకు ఇయ్యకూడదని ఆర్డరు."

"మా నేలలో తవ్వి, మా పేరు చెప్పి తవ్వి, మాకే ఇయ్యవా? నువ్వు మనిషివేనా?"

"నేను మనిసినే అక్కా. బాయే పశువులది. ఉద్యోగం పోతాది నాకు."

తిరుపతమ్మ వాడిని తిట్టలేదు. వెనక్కి తిరిగి ఇంటికి పోయి, తన గేదెను విప్పి, దాని వీపుకు రెండు వైపులా బానలు కట్టి తోలుకొచ్చింది.

"దీనికి దప్పికయితాంది. పొయ్యి."

గోపన్న ఎనుమును చూశాడు. బానలు చూశాడు. ఆర్డరు గుర్తు చేసుకున్నాడు. పోశాడు. సాయంత్రానికి ఆమె మళ్లీ వచ్చింది. వెనకాల లక్ష్మక్క ఆవుతో వచ్చింది. ఆ వెనక రాహేలమ్మ ఒక ముసలి ఎద్దును తోలుకొచ్చింది. బావికి ఎద్దు తప్ప ఎద్దు వెనకాల ఎవరున్నారో అక్కర్లేదు కాబట్టి, పేట వాళ్లూ ఊరి వాళ్లూ ఒకే వరసలో నిలబడ్డారు. ఓబుళరెడ్డి కూడా ఒక దూడను పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాడు.

"అక్కా, ఈ ఎనుము పొద్దున్నుంచి ఎన్నిసార్లు తాగుతాది?" అని గోపన్న నీరసంగా అడిగాడు.

"ఎండాకాలం కదప్పా" అంది తిరుపతమ్మ. "ఇంకో బాన పొయ్యి. మొగమాటపడద్దు."

ఆ ఏటి నుంచి సుద్దపల్లెలో గొడ్డు లేని ఇంటికి పిల్లనివ్వడం మానుకున్నారు.