లేడీస్ పీజీ రిజిస్టరులో మగపేరు

మహిళల భద్రత గురించి ప్రపంచ దేశాలు ఎక్కడెక్కడో సమావేశాలు పెట్టుకుని కాలం వృథా చేసుకుంటున్నాయి. ఆ ప్రతినిధులంతా ఒక్కసారి బెంగుళూరు మడివాళకు వచ్చి, మా సుభిక్ష లగ్జరీ లేడీస్ పీజీ గేటు ముందు పది నిమిషాలు నిలబడితే చాలు. (అంతకు మించి నిలబడరాదు. నిబంధన ఉంది.)

మా పీజీలో నూట నాలుగు మంది ఆడపిల్లలం, తొమ్మిది బాత్రూములు, ఒక రిజిస్టరు. (లగ్జరీ అంటే ఫ్యానుకు రెగ్యులేటరు ఉండటం.) యజమాని వెంకటగిరియప్పగారు తాతల కాలంలోనే బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారు. ఆడపిల్లల భద్రత అంటే ఆయనకు ప్రాణం. ఆయన లెక్క ప్రకారం ప్రమాదం జరిగేది ఆడపిల్లకు కనుక, అదుపులో పెట్టవలసింది కూడా ఆడపిల్లనే. అందుకే మా సీసీ కెమెరా వీధివైపు చూడదు. మా మెట్లవైపు చూస్తుంది.

సాయంత్రం ఎనిమిదికి గేటు మూస్తారు. ఆ తర్వాత వస్తే లేట్ మార్కు. మూడు లేట్ మార్కులు పడితే వార్డెన్ మునివెంకటమ్మ ఇంటికి ఫోను చేస్తుంది. అటువైపు ఏ ఊరి తండ్రి ఉన్నా, ఫోను పెట్టేశాక కూతురితో అనే మాట ఒకటే. సామాను సర్దుకో.

మా గదిలో ఉండే శిరీషకు అప్పటికే రెండు మార్కులు పడ్డాయి. ఆమెది కదిరి. ఏడాదిన్నర ఇంట్లో పోరాడి బెంగుళూరు వచ్చి ఉద్యోగంలో చేరింది. ఏడుంబావుకే మడివాళలో బస్సు దిగుతుంది. కానీ వంశీ అనే ఒక కుర్రాడు బస్టాపు నుంచి వెంటపడి, పీజీ ఎదుటి టీ కొట్టు దగ్గర కాపలా కాస్తున్నాడు. మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో టీ గ్లాసు. ఒకరోజు చెయ్యి పట్టుకుని ఆపాడు. అప్పటినుంచి అతను వెళ్ళేదాకా శిరీష పక్క వీధి సూపర్ మార్కెట్లో దాక్కుంటోంది. అక్కడున్న షాంపూ సీసాలన్నిటి వెనక ఏం రాసుందో పాపం ఆమెకు నోటికొచ్చు. అలా రెండుసార్లు, తీరా వచ్చేసరికి గేటు మూసేశారు.

ఒకరోజు ధైర్యం చేసి యజమానికి ఫిర్యాదు చేసింది.

"వాడు గేటు లోపలుండాడా, బయటుండాడా?" అని అడిగారు వెంకటగిరియప్పగారు.

"బయటే అంకుల్. రోడ్డుకి అటుపక్క."

"రోడ్డు నాది కాదు కదమ్మా. వాణ్ణి నేనేం చెయ్యను? నువ్వైతే నా పీజీలో ఉండావు. నీకేమన్నా చెయ్యగలను."

చేశారు కూడా. ఆడపిల్లలు నలుగురికి తక్కువగా నడవరాదని మర్నాడే నోటీసు వెలిసింది. శిరీష మళ్ళీ చెప్పింది. బాల్కనీకి తాళం పడింది. "ఇంక ఊరుకోవే తల్లీ, ఈసారి కిటికీలకు ఇటుకలు పేరుస్తారు" అని మా గదిలోనే ఉండే సమీనా చేతులు జోడించింది.

మూడోసారి ఇటుకలకు బదులు పద్నాలుగో నిబంధన వచ్చింది. "పీజీ ఎదుట పది నిమిషాలకు మించి కనిపించు ప్రతి వ్యక్తీ రిజిస్టరులో వివరములు వ్రాయవలెను. మూడుసార్లు కనిపించినచో ఇంటివారికి తెలియజేయబడును."

గేటు దగ్గర ఫోన్లో మాట్లాడుకునే మా కోసం పుట్టిన నిబంధన అది. కానీ అమలు చేయవలసింది మునివెంకటమ్మ. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క నిబంధననూ అనుమానించిన పాపాన పోలేదు. యజమాని సొంత బావమరిది వచ్చినా "వచ్చిన పని" అనే గడి నింపనిదే మెట్లెక్కనివ్వదు. ఆ సాయంత్రం ఏడున్నరకు ఆమె గేటులోంచి చూస్తే, ఎదురుగా ఒక వ్యక్తి కనిపించాడు. పది నిమిషాలు దాటింది. రిజిస్టరు చంకన పెట్టుకుని, దారంతో కట్టిన పెన్నుతో సహా రోడ్డు దాటింది.

"రాయప్పా."

"ఏంటి ఆంటీ ఇది?" అన్నాడు వంశీ.

"రూలుండాది. పేరు, వచ్చిన టైము, వచ్చిన పని, ఇంట్లోవాళ్ళ నంబరు."

ఇక్కడ బెంగుళూరు నాగరికతకు ఒక నమస్కారం పెట్టుకోవాలి. ఈ ఊళ్ళో ఎవరైనా రిజిస్టరు చాపి పెన్ను ఇస్తే మనిషి మారుమాట్లాడకుండా ఫోను నంబరు రాసేస్తాడు. మందుల షాపులో, చెప్పుల షాపులో, అపార్టుమెంటు గేట్ల దగ్గర రాసి రాసి చేతికి అలవాటైపోయింది. వంశీ చెయ్యి కూడా రాసేసింది. తల్లి పేరు కాత్యాయని, నంబరు అసలుదే. "వచ్చిన పని" దగ్గర కాస్త ఆలోచించి "ఊరికే" అని రాశాడు.

తర్వాత రెండు రోజులూ రాశాడు. మూడో సంతకం పడగానే మునివెంకటమ్మ ఫోను తీసి స్పీకరులో పెట్టింది. (ఆమెకు సరిగా వినిపించదు. ఆరోజు మాకు మాత్రం దివ్యంగా వినిపించింది.)

"కాత్యాయనమ్మగారా? మీ పిల్లోడు మూడు దినాలుగా మా ఆడపిల్లల పీజీ ముందర ఉండాడమ్మా. పనేమంటే ఊరికే అని రాసుండాడు. జవాబుదారీ మీదే."

"మావాడా? ఏడింటికి ఆఫీసులో మీటింగని చెప్పాడే!"

"మీటింగేం లేదమ్మా. టీ తాగతా ఉండాడు. ఇది నాలుగో గ్లాసు."

ఆ మర్నాటి నుంచి వంశీ కనిపించలేదు. రోజూ ఏడింటికి గదిలో ఉండి, వీడియో కాల్లో నాలుగు గోడలూ చూపించాలని తల్లి హుకుం జారీ చేసిందట. ఒక మగపిల్లవాడు ఇల్లు చేరాడా లేదా అని ఎవరైనా ఆరా తీయడం నా జన్మలో అదే మొదటిసారి వినడం. నాకు పట్టరాని సంతోషం కలిగింది. శిరీష ఏడున్నరకల్లా గదిలో ఉంటోంది. సమీనా మూడు అంతస్తులకూ మైసూరు పాకు పంచింది. వెంకటగిరియప్పగారు "బాలికల భద్రతలో నంబర్ వన్" అని గేటుకు ఫ్లెక్సీ కట్టించారు.

ఆదివారం కాత్యాయనిగారే మునివెంకటమ్మకు ఫోను చేశారు. ఏ అమ్మాయిని ఇబ్బంది పెట్టాడో కనుక్కుని, వాళ్ళ ఇంటివారికి క్షమాపణ చెప్పుకోవాలన్నారు. రిజిస్టరులో ఉన్నదే కదా అని మునివెంకటమ్మ శిరీష ఇంటి నంబరు ఇచ్చేసింది. ఆ సంగతి తెలిసి శిరీష మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది. మూడో మార్కు పడకుండానే ఇంట్లో తెలిసిపోయింది. ఇక ఉద్యోగం లేదు, బెంగుళూరు లేదు. ఏడుస్తూనే బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అంతలో నాన్న ఫోను. ఒంటరిగా వినే ధైర్యం లేక మా మధ్యలో కూర్చుని స్పీకరు నొక్కింది.

ఆశ్చర్యం, ఆయన గొంతులో కోపం లేదు. పైపెచ్చు హుషారు.

"ఆయమ్మ ఎంత మర్యాదస్తురాలు పాపా! మూడు తూర్లు క్షమించమని అడిగింది. మాటల్లో తెలిసింది, మనోళ్ళేనంట. పిల్లోడి ఫోటో కూడా పంపించింది."

"నాయనా, వాడు నడిరోడ్డులో నా చెయ్యి పట్టుకున్నాడు!"

"అదంతా చెప్పిందిలే. ఇప్పుడు బాగా మారినాడంట. దినామూ సాయంత్రం ఏడు గంటలకంతా ఇంట్లోనే ఉంటాడంట."