వెనుక తలుపు ఎప్పుడు తెరవాలి?

ఆ ఆదివారం ఉదయం సంపాదకురాలి పథకం చాలా చిన్నది. పుస్తకాల దుకాణంలో కుర్చీలు వేయించాలి, మైకు పలుకుతోందో లేదో చూడాలి, పదింటికి రచయిత్రిని కూర్చోబెట్టి పాఠకుల చేత నాలుగు మంచి మాటలు అనిపించాలి. అంతే. కాకపోతే ఆ నాలుగు మాటల మీదే ఆమె చిన్న ప్రచురణ సంస్థ బతుకంతా వేలాడుతోంది.

సంగతేమిటంటే, రచయిత్రిగారి మాయాకోట నవలల్లో ఆరో భాగాన్ని పాఠకులు చీల్చి చెండాడారు. ఆవిడ అలిగి కలం మూసేశారు. కాళ్ళావేళ్ళా పడితే, యువరాణి తల్లి కోట విడిచి ఎందుకు వెళ్ళిపోయిందో చెప్పే 'వెనుక తలుపు' అనే చిన్న అనుబంధ పుస్తకం మాత్రం రాసిచ్చారు.

"చివరి అధ్యాయంలో నా ప్రాణం పెట్టానమ్మా. దాని గురించి ఒక్కళ్ళు మనసుపెట్టి మాట్లాడినా ఏడో భాగం రాస్తా. లేదంటే మళ్ళీ నా గడప తొక్కొద్దు" అన్నారు.

పుస్తకం వచ్చి వారమైంది. చివరి అధ్యాయం అద్భుతమంటూ పాఠకులు ఇంటర్నెట్‌లో ఊగిపోతున్నారు. ఆ సంబరంలో సంపాదకురాలు అచ్చయిన ప్రతిని తెరిచి చూస్తే ఒట్టు. అచ్చుతప్పు కనబడుతుందన్న భయంతో రచయిత్రి ఎలాగూ తెరవరు. వేదిక మీద చదవడానికి నాలుగు వాక్యాలు ఏరుకుందామని సంపాదకురాలు ఇప్పుడు తెరిచింది. చివరి పదహారు పేజీలు చూసేసరికి ఆమెకు ముచ్చెమటలు పోశాయి.

'ఎర్ర దీపము ఆరిన రెండు నిమిషముల తరువాతనే తలుపు తెరవవలెను. యంత్రము నుండి శబ్దము అతిగా వచ్చినచో నాలుగు కాళ్ళును నేలకు ఆనినవో లేదో చూడవలెను. సబ్బుపొడి మోతాదు మించరాదు.'

అచ్చాఫీసు నడిపేది సాక్షాత్తూ అక్క మొగుడే. ఫోన్ చేసింది.

"బావా, నా పుస్తకంలోకి వాషింగ్ మెషిన్ ఎలా వచ్చింది?"

"అదా... ఆ రోజు మెషిన్ కంపెనీ గైడు కూడా వేశాం. సైజొకటే, కాగితమొకటే. రెండిటి చివరి పదహారు పేజీల ఫారాలూ పక్కపక్కన దొంతర్లు పెట్టి, నీదాని మీద గుర్తుకి నా టిఫిన్ డబ్బా పెట్టా."

"పెట్టి?"

"ఆకలేసింది. తిని, కడిగి, మళ్ళీ పెట్టా. పక్కదాని మీద పెట్టినట్టున్నా."

"మరి నా చివరి అధ్యాయం?"

"మీ అక్కకి చెప్పకు" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అప్పటికే కుర్చీలు నిండాయి. సంపాదకురాలు బల్ల మీది ప్రతులన్నీ ఊడ్చి అట్టపెట్టెలో కుక్కి, దాని మీదే కూర్చుంది. రచయిత్రి వచ్చారు. బల్ల ఖాళీగా ఉండడం చూసి అన్నీ అమ్ముడుపోయాయనుకుని మురిసిపోయారు. ఆ మురిపెం చూస్తే సంపాదకురాలికి ఏడుపొచ్చింది.

కళ్ళజోడు కుర్రాడొకడు లేచాడు. "మేడమ్, చివర్లో ఆ నాలుగు కాళ్ళు రెక్కల గుర్రానివేనా?"

"ఏ కాళ్ళు?"

"సబ్బుపొడి అంటే పశ్చాత్తాపమే కదండీ?" అంది వెనక నుంచి ఒక లెక్చరర్.

"మైకు బాగాలేదు!" అని సంపాదకురాలు మైకును నెత్తిన మొట్టింది. అది అంతకుముందెన్నడూ లేనంత బాగా మోగింది.

రచయిత్రి చెయ్యి చాచి కుర్రాడి పుస్తకం తీసుకున్నారు. చదివారు. కళ్ళజోడు తీసి మడిచారు.

"నా అధ్యాయం మొత్తం ఎగిరిపోయినా ఒక్కళ్ళకీ లోటు తెలియలేదన్నమాట" అన్నారు మెల్లగా. తిట్టినా బాగుండేది. సంచి భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచారు.

గుమ్మంలో ఒక పెద్దావిడ అడ్డుపడింది. చేతిలో వాషింగ్ మెషిన్ గైడు, కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"ఇది రాసిందెవరమ్మా? మెషిన్ తలుపు బిగుసుకుపోయింది, ఎలా తియ్యాలో చూద్దామని పుస్తకం తెరిస్తే ఇదుంది. అచ్చాఫీసాయన ఇక్కడికి పొమ్మన్నాడు."

"నేనే" అన్నారు రచయిత్రి.

"ఎంత పని చేశావే తల్లీ! పిల్ల నిద్రపోలేదు, ఊరికే కళ్ళు మూసుకుంది. అది తెలిసీ ఆ తల్లి వెళ్ళిపోయింది."

"తెలుసని మీకెలా తెలిసింది? నేనెక్కడా రాయలేదే!"

"దీపం ఆర్పకుండా పోయింది కదమ్మా. నిద్రపోయే పిల్లకి దీపమెందుకు? పొద్దుట్నించీ ఏడుస్తూనే ఉన్నా. లోపల బట్టలు నానితే నాననీ అనుకున్నా."

రచయిత్రి సంచి కింద పెట్టారు. పెద్దావిడ చెయ్యి పట్టుకుని, అంతమందిలోనూ సిగ్గుపడకుండా ఏడ్చారు. తరువాత సంపాదకురాలి వైపు తిరిగి, "ఏడో భాగం రాస్తా. కాకపోతే అచ్చు మీ బావగారి దగ్గర వద్దు" అన్నారు.

"అదంతా సరే, నా మెషిన్ తలుపు సంగతేమిటి?" అంది పెద్దావిడ.

పాఠకులందరూ ఒక్క గొంతుతో అందుకున్నారు. "ఎర్ర దీపము ఆరిన రెండు నిమిషముల తరువాత!"

మధ్యాహ్నానికల్లా వాషింగ్ మెషిన్ల దుకాణం ముందు పాఠకులు బారులు తీరారు. మెషిన్ అక్కర్లేదు, గైడొక్కటి ఇస్తే చాలునట.